రివర్స్ ఒక్కటే పడే బెంజి కారు, దాన్ని బాగుచేసిన కడప షెడ్డు

మా కారు మార్చిలో వెనక్కి తప్ప ముందుకు పోయేది కాదు. రివర్స్ వేస్తే ఠక్కున పట్టుకునేది, డ్రైవ్‌లో పెడితే మాత్రం ఇంజన్ ఒకటే అరుపు, బండి ఉన్నచోటే ఉండేది. ఇప్పుడు అదే కారులో నాన్న కడప నుంచి రాయచోటికి గువ్వలచెరువు ఘాట్ ఎక్కి వస్తున్నాడు, గేరు ఎప్పుడు మారిందో పక్కన కూర్చున్న నాకు తెలియనంత మెత్తగా. ఈ రెండింటి మధ్య పోయిన డబ్బు, పోయిన నెలలు, చివరికి పని తెలిసిన మనిషి దొరికిన తీరు అన్నీ రాస్తున్నాను. పాత ఆటోమేటిక్ కార్లు మన వైపు తక్కువేం లేవు, ముఖ్యంగా గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళ ఇళ్ళల్లో. చాలావరకు గేర్‌బాక్స్ పోయిందని కవరు కప్పి మూలన పెట్టినవే.

షెడ్డు పేరూ నంబరూ ఇక్కడ పెట్టడం లేదు, దాన్ని నడిపే మెకానిక్ భాయ్ వద్దన్నాడు. "ఒక్కన్నే ఉండా అన్నా, దినానికి ఇరవైమంది ఫోన్ చేస్తే పని ఎప్పుడు చేసేది" అన్నాడు, అది నిజమే. కడపలో రాయచోటి రోడ్డు వైపు రేకుల షెడ్డు, ముందర వేపచెట్టు, లోపల ఎప్పుడు చూసినా ఒకటో రెండో పాత బెంజీలు ఉంటాయి. అటువైపు పాత బెంజిల మెకానిక్ ఎవరని అడిగితే దారి చూపిస్తారు.

కారు గురించి ముందు చెప్పాలి. 1983 మోడల్ 280ఇ, బెంజిలో డబ్ల్యు123 అంటారు, 1976 నుంచి దాదాపు పదేళ్ళు ఆ తరం కార్లు తయారయ్యాయి, అన్ని రకాలూ కలిపితే 27 లక్షలకు దగ్గరగా ఉంటాయి. మాది ఆరు సిలిండర్ల 2.8 లీటర్ల పెట్రోల్ ఇంజన్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. నాన్న కువైట్‌లో ఒక కంపెనీ వర్క్‌షాపులో స్టోర్స్ చూసేవాడు, అక్కడి ఆఫీసరు అమ్ముతుంటే కొనుక్కుని 1989లో ఇంటికొచ్చేటప్పుడు ఓడలో తెప్పించుకున్నాడు. మరుసటి ఏడాది ఆగస్టులోనే ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. ఆయనతో పనిచేసినవాళ్ళు కట్టుబట్టలతో విమానాలెక్కి వచ్చారు, నాన్న మాత్రం తన సంపాదనలో ఒక పెద్ద ముక్కను ఇంటి ముందు నిలబెట్టుకోగలిగాడు. ఆ కారంటే ఆయనకు ఎందుకంత పట్టింపో ఇప్పుడు నాకు అర్థమవుతోంది. స్టీరింగ్ ఎడమ పక్క ఉంటుంది, వెనక అద్దం మీద ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాయించాం.

ఇంకో కారణం ఉంది, అదే అసలైంది. నాన్నకు ఎడమ మోకాలు ఆపరేషన్ అయింది. క్లచ్ తొక్కలేడు. కాబట్టి "ఆటోమేటిక్ పీకేసి మామూలు గేర్‌బాక్స్ వేయించు, ఇంజన్ కూడా టొయోటా డీజిల్ పెట్టించు, మైలేజీ వస్తుంది" అని సలహా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ నా జవాబు ఒకటే, ఈ కారు నడపాల్సింది ఆయన. పైగా ఇంజన్ మార్చితే ఆర్టీఏ ఆఫీసులో ఆర్‌సీలో ఎక్కించాలి, పెడళ్ళు, ఫ్లైవీల్, ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నీ మార్చాలి, అయ్యే ఖర్చుకు ఇంకో కారే వస్తుంది.

జబ్బు మొదలైంది రెండేళ్ళ కింద. గేరు మారినప్పుడల్లా వెనకనుంచి ఎవరో తన్నినట్టు కుదుపు. దాంతోపాటు గేర్ ఆయిల్ తగ్గడం. నెలకు అర లీటరు పోసేవాళ్ళం, కానీ కింద చుక్క పడేది కాదు. నేలమీద తెల్ల అట్ట పరిచి రాత్రంతా ఉంచి చూశాను, మరక లేదు. పొద్దున స్టార్ట్ చేస్తే సైలెన్సర్‌లో నుంచి చిక్కటి తెల్లపొగ. ఇంజన్ రింగులు పోయాయని ఇక్కడ ఇద్దరు మెకానిక్‌లు చెప్పారు. గేర్‌బాక్స్ జబ్బుకూ పొగకూ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

సరే పెద్ద ఊరికి పోదామని, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లు చూస్తామని బోర్డు పెట్టుకున్న ఒక షాపుకు లారీ మీద ఎక్కించి పంపాను. ఏ ఊరో ఏ షాపో చెప్పను. వాళ్ళు ఫోన్‌లో వింటూనే "ఓవర్‌హాల్ చేయాలి సార్" అన్నారు. విప్పారు, క్లచ్ ప్లేట్లు మార్చామన్నారు, 72,000 తీసుకున్నారు. ఏం మార్చారో ఫోటో అడిగితే నాలుగు నల్లటి ప్లేట్ల ఫోటో పంపారు, అవి మా కారువో కాదో దేవుడికి తెలియాలి. బండి ఇంటికొచ్చింది. కుదుపు అలాగే ఉంది. ఆయిల్ తగ్గడం అలాగే ఉంది. అడిగితే "పాత బండి సార్, అంతే ఉంటుంది, కొన్ని రోజులు నడిపితే సెట్ అవుతుంది" అన్నారు. సెట్ కాలేదు. మూడు నెలలకు ఒక పొద్దున నాన్న డ్రైవ్‌లో పెడితే బండి ఐదారు సెకన్లు ఆలోచించుకుని కదిలింది, వారం తిరక్కుండానే కదలడమే మానేసింది. రివర్స్ ఒక్కటి మిగిలింది.

ఈసారి అదే షాపు వాళ్ళు "గేర్‌బాక్స్ మొత్తం మార్చాల్సిందే, సెకండ్ హ్యాండ్ ఒకటి చూసి పెడతాం" అన్నారు. చెన్నై పుదుపేటలో ఒకటి ఉందని ఫోటో కూడా పంపారు. అదృష్టం కొద్దీ నేను అప్పుడు తొందరపడలేదు. ఈ గేర్‌బాక్స్ బాడీ మీద, కింద ఆయిల్ పాన్‌కు కొంచెం పైన, 722తో మొదలయ్యే నంబరు కొట్టి ఉంటుంది. మాది 722.3 రకం. చుక్క తర్వాత మొదటి అంకె రకాన్ని చెబుతుంది, దాని వెనకున్న అంకెలు ఏ ఇంజన్‌కు ఏ అమరికో చెబుతాయి. బయటికి ఒకేలా కనిపించినా లోపల గవర్నర్ వేరు, ప్లేట్ల లెక్క వేరు, వాల్వ్ బాడీ వేరు ఉండొచ్చు. వాళ్ళు పంపిన ఫోటోలో నంబరు ఉన్న చోట గ్రీజు పూసి ఉంది. నంబరు తుడిచి ఫోటో పంపమన్నాను, పంపలేదు. అక్కడితో ఆ షాపుతో మాటలు అయిపోయాయి.

భాయ్ సంగతి చెప్పింది మా మేనత్త కొడుకు, వాడు ఇప్పటికీ కువైట్‌లోనే ఉన్నాడు. షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాలో వరసగా గ్యారేజీలు, పార్టుల షాపులే ఉంటాయి, అక్కడ ఒక గ్యారేజీలో పద్దెనిమిదేళ్ళు బెంజి గేర్‌బాక్స్‌లే విప్పి బిగించిన మనిషి కడప వచ్చేసి షెడ్డు పెట్టుకున్నాడన్నాడు. మన ఊరికి యాభై కిలోమీటర్ల దూరంలో ఇలాంటి మనిషిని పెట్టుకుని నేను లారీ కిరాయి కట్టి ఎక్కడికో పంపానన్నమాట. ఆ రోజు నిజంగా బాధేసింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు కారు లేదు, ఊరికే మాట్లాడదామని నేనూ నాన్నా బస్సులో వెళ్ళాం. భాయ్ టీ తెప్పించి, నేను చెప్పేదంతా మధ్యలో ఆపకుండా విన్నాడు. తర్వాత మూడే ప్రశ్నలు అడిగాడు. ఆయిల్ కింద కారుతాందా? పొగ పొద్దున ఎక్కువా, వేడెక్కినాక ఎక్కువా? రివర్స్ పడతాందా? జవాబులు విని ఫోన్ తీసి తనకొచ్చిన వేరే కారు ఫోటో ఒకటి చూపించాడు, అరచేతిలో పట్టే రేకు డబ్బా లాంటిది, దాని కొసకు రబ్బరు పైపు. "అన్నా, మీ బండిలో మొదట పోయింది గేర్‌బాక్స్ కాదు. ఇది పోయింది. ఇది పోయినందుకు గేర్‌బాక్స్ పోయింది" అన్నాడు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

ఇది కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఇలాంటి పాత కారు ఉన్నవాళ్ళకు ఈ ఒక్క ముక్క తెలిస్తే లక్ష రూపాయలు మిగలొచ్చు. ఆ గేర్‌బాక్స్‌లో కంప్యూటర్ లేదు. గేరు ఎప్పుడు మారాలో, ఎంత గట్టిగా పట్టుకోవాలో అంతా ఆయిల్ ఒత్తిడి మీదే నడుస్తుంది. బండి ఎంత వేగంగా పోతోందో వెనక షాఫ్ట్ మీద తిరిగే గవర్నర్ ఒత్తిడి రూపంలో చెబుతుంది, మనం ఆక్సిలరేటర్ ఎంత తొక్కామో ఒక కేబుల్ చెబుతుంది, ఇంజన్ మీద ఎంత బరువు పడుతోందో ఈ రేకు డబ్బా చెబుతుంది, దాన్ని వాక్యూమ్ మాడ్యులేటర్ అంటారు. ఇంజన్ గాలి పీల్చుకునే మానిఫోల్డ్ నుంచి వచ్చే వాక్యూమ్ పైపు దానికి తగిలి ఉంటుంది, లోపల పల్చటి రబ్బరు పొర. నెమ్మదిగా పోతుంటే వాక్యూమ్ ఎక్కువ, కాబట్టి ఒత్తిడి తగ్గి గేరు మెత్తగా పడుతుంది. గట్టిగా తొక్కితే వాక్యూమ్ పడిపోయి ఒత్తిడి పెరిగి క్లచ్‌లు గట్టిగా పట్టుకుంటాయి.

ఆ పొర చిరిగితే రెండు జరుగుతాయి. వాక్యూమ్ నిలవదు, కాబట్టి ఇంజన్ ఎప్పుడూ ఫుల్లుగా లాగుతోందని గేర్‌బాక్స్ అనుకుంటుంది, ఒత్తిడి ఎప్పుడూ ఎక్కువే, ప్రతి గేరూ తన్నుతూ పడుతుంది. రెండోది, ఆ చిరుగులో నుంచి గేర్ ఆయిల్‌ను ఇంజన్ పైపు ద్వారా పీల్చుకుని కాల్చేస్తుంది. అందుకే కింద చుక్క పడకుండా ఆయిల్ తగ్గింది, అందుకే తెల్లపొగ. చూడటానికి ఒక్క నిమిషం చాలు, మాడ్యులేటర్ దగ్గర వాక్యూమ్ పైపు లాగి లోపల వేలు పెట్టాలి, ఆయిల్ తడి తగిలితే పొర చిరిగినట్టే. ఆ పైపు పొడిగా ఉండాలి. తర్వాత మా కారు వచ్చినప్పుడు భాయ్ మొట్టమొదట ఆ పైపు లాగి నా వేలే పెట్టించాడు. ఎర్రటి ఆయిల్. 72,000 తీసుకున్న షాపులో ఒక్కరూ ఈ పైపు లాగి చూడలేదు. మాడ్యులేటర్ ధర 6,500.

మరి ముందుకు ఎందుకు పోలేదంటే, ఈ గేర్‌బాక్స్‌లో రెండు క్లచ్‌లు, రెండు బ్యాండ్లు (తిరిగే డ్రమ్మును చుట్టి పట్టుకునే పట్టీలు), రివర్స్‌కు విడిగా ఇంకో ప్లేట్ల బ్రేకు ఉంటాయి. బి2 అనే బ్యాండు మొదటి మూడు గేర్లలోనూ పట్టుకుని ఉండాలి, రివర్స్‌లో దాని అవసరం లేదు. ఆ బ్యాండును నొక్కే పిస్టన్ ఈ రకం గేర్‌బాక్స్‌లో విరగడం చాలామందికి అనుభవమే. రివర్స్ పడి డ్రైవ్ పడకపోతే మొదట అనుమానించాల్సింది దాన్నే. రెండేళ్ళు ఎక్కువ ఒత్తిడితో ప్రతి గేరుకూ దెబ్బ తిని తిని అది విరిగిందని భాయ్ లెక్క. విప్పినాక పిస్టన్ రెండు ముక్కలై చేతికొచ్చింది. ఓవర్‌హాల్ చేశామన్నవాళ్ళు దాన్ని ముట్టనే లేదు, పైనున్న సీలు గట్టిపడి ప్లాస్టిక్‌లా అయిపోయింది.

బి2 పిస్టన్ ఒక్కటే అయితే గేర్‌బాక్స్ కిందికి దించకుండా పక్క మూత తీసి మార్చవచ్చట. భాయ్ మొదట అదే అన్నాడు, డబ్బు తక్కువ అవుతుందని. కానీ పాన్ విప్పి చూస్తే అడుగున మెరిసే పొడి, ఆయిల్ మాడు వాసన. అప్పుడు నన్ను పిలిచి పాన్ చూపించి "ఇట్ల బిగిస్తే ఆరు నెలలకు మళ్ళా నా కాడికే వస్తావు, దించుదామా" అని అడిగాడు. అడిగి చేసే మెకానిక్‌ను నేను ఈ రెండేళ్ళలో మొదటిసారి చూశాను.

పార్టులు దాదాపు అన్నీ కువైట్ నుంచే వచ్చాయి. ఈ 722.3 గేర్‌బాక్స్ తొంభైల మధ్యదాకా చాలా బెంజి కార్లలో వచ్చింది, అందుకే కారు ఎంత పాతదైనా సీళ్ళు, ప్లేట్లు, బ్యాండ్లు, ఫిల్టరు, గాస్కెట్లు కలిపిన కిట్టు ఇప్పటికీ కొత్తది దొరుకుతుంది. మా మేనత్త కొడుకు షువైఖ్‌లో కొని, మా ఊరి మనిషి ఒకరు సెలవుకు వస్తుంటే సూట్‌కేసులో పంపాడు. బి2 పిస్టన్ తర్వాతి కాలంలో బలంగా చేసిన రకమే తెప్పించమని భాయ్ గట్టిగా చెప్పాడు. గేర్‌బాక్స్ వెనక మౌంటింగ్, ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందరి రబ్బరు కప్లింగ్ బెంగళూరు జేసీ రోడ్డులో దొరికాయి. ఆ రబ్బరు కప్లింగ్ పగిలి ఉంటే కూడా గేరు పడినప్పుడు టక్‌మని శబ్దం వస్తుంది, చాలామంది అది గేర్‌బాక్స్ శబ్దమనుకుంటారు.

బిగించే రోజు నేను సెలవు పెట్టి వెళ్ళి కూర్చున్నాను. అది చూసి తీరాల్సిన పని. షెడ్డు బయట అంతా దుమ్ము, నూనె మరకలు, కానీ లోపల ఒక చిన్న గది ఉంది, దానికి తలుపు, బల్ల మీద మందపాటి ప్లాస్టిక్ షీటు, ఫ్యాన్ కూడా ఆపేశాడు. ఎండాకాలంలో కడపలో ఫ్యాన్ ఆపుకుని కూర్చోవడమంటే ఏంటో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. వాల్వ్ బాడీ అంటే ఆయిల్ దారులు చెక్కిన అల్యూమినియం పలక, దాని నిండా వేలెడు వాల్వులు, స్ప్రింగులు, చిన్న చిన్న ఉక్కు గోలీలు. ఏది ఎక్కడిదో తప్పకుండా వరుసలో పేర్చుకుని, ఒక్కో వాల్వును పెట్రోల్‌తో కడిగి దాని గాడిలో వేసి, పలకను వంచినప్పుడు అది తన బరువుకే జారుతోందా లేదా చూశాడు. తట్టుకుంటే మళ్ళీ కడగడం. ఆ గదిలోకి బనియన్ గుడ్డ, దూది రానివ్వడు, ఒక్క నూలుపోగు వాల్వ్‌లో ఇరుక్కుంటే గేరు అక్కడే నిలబడిపోతుంది. ఆయిల్ కొలిచే పుల్లను కూడా పోగులు ఊడని గుడ్డతోనే తుడవాలని నాకు ఆరోజే తెలిసింది, మేం ముప్పై ఏళ్ళుగా లుంగీ అంచుతో తుడుస్తున్నాం.

కొత్త ప్లేట్లను ముందురోజు సాయంత్రమే కొత్త ఆయిల్‌లో నానేశాడు. పొడిగా బిగిస్తే మొదటిసారి తిరగడంలోనే మాడిపోతాయట. ఒక్కో క్లచ్ పేర్చినాక ఫీలర్ గేజ్‌తో సందు కొలవడం, ఎక్కువ ఉంటే మందం వేరే ఉన్న సర్‌క్లిప్ వేసి మళ్ళీ కొలవడం. తర్వాత కంప్రెసర్ గాలిని ఆయిల్ రంధ్రంలోకి వదిలితే లోపల క్లచ్ "ధప్" మని మూసుకుంది. ఆ శబ్దం వినగానే ఆయన ముఖంలో వచ్చిన వెలుగు నేను మర్చిపోను. కె1 అనే క్లచ్ పాత సీలు దగ్గర మాత్రం అలా గాలి పెడితే ముందే "స్‌స్" అని కారింది, రెండు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఇంజన్ ఒక్కసారిగా పైకి అరవడం అందుకేనని చూపించాడు. వేడికి రబ్బరు గట్టిపడితే అంతే.

టార్క్ కన్వర్టర్‌ను, అంటే ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఆయిల్ నిండి తిరిగే గుండ్రటి డబ్బాను, కోసి వెల్డింగ్ చేసే సౌకర్యం ఆయన దగ్గర లేదు. మా అదృష్టం, ఈ కార్లలో కన్వర్టర్‌కు కూడా ఆయిల్ దించే బిరడా ఉంటుంది. పాత ఆయిల్ దించి, కొత్తది పోసి తిప్పి, మళ్ళీ దించి, తెల్లగుడ్డ మీద పోసి పొడి కనిపించకుండా పోయేదాకా మూడుసార్లు చేశాడు. రేడియేటర్‌లో ఉండే గేర్ ఆయిల్ కూలర్‌నూ దాని పైపులనూ కూడా అలాగే. అందులో నిలబడిపోయిన పాత పొడి కొత్త గేర్‌బాక్స్‌లోకి తిరిగొస్తే చేసిన పనంతా వృథా. ముందటి షాపువాళ్ళు ఇది చేయలేదని పైపుల్లోంచి వచ్చిన నల్ల బురద చూస్తేనే అర్థమైంది. ఇక కన్వర్టర్‌ను గేర్‌బాక్స్ పంపు పళ్ళలో పూర్తిగా కూర్చోబెట్టకుండా ఇంజన్‌కు బిగిస్తే పంపు పగిలిపోతుంది, అందుకని లోతు స్కేలుతో కొలిచి, తనకింద పనిచేసే పిల్లోడి చేత కూడా ఒకసారి కొలిపించి, రెండు కొలతలూ కలిశాకే పైకెత్తాడు.

బిగించినాక ప్రెషర్ గేజ్‌లు తగిలించి ఒత్తిడి చూసుకుంటూ మాడ్యులేటర్ సర్దాడు. తర్వాత దాదాపు గంట నడిపి, ఆయిల్ బాగా వేడెక్కి 80 డిగ్రీలు వచ్చినాక, ఇంజన్ ఆన్‌లోనే పార్క్‌లో పెట్టి పుల్ల చూశాడు. చల్లగా ఉన్నప్పుడు చూసి గీతదాకా పోస్తే వేడెక్కినాక ఎక్కువైపోతుంది. పుల్ల మీద రెండు గీతల మధ్య తేడా సుమారు 300 మిల్లీలీటర్లే, కాబట్టి పోసేది గ్లాసు గ్లాసుగా పోయాలి.

ఇక నాకు నచ్చనివి. మూడు వారాలన్నాడు, పదకొండు వారాలు పట్టింది. అందులో నాలుగు వారాలు కిట్టు రావడానికే పోయాయి, అది ఆయన తప్పు కాదు, రంజాన్ నెల కూడా మధ్యలో వచ్చింది, ఉపవాసంతో ఎండలో బరువులెత్తమని నేను అడగను. మిగిలిన ఆలస్యం మాత్రం ఆయన ఒక్కడే అన్నీ చేయాలనుకోవడం వల్లే. ఫోన్ ఎత్తడు, తనంతట తను చేయడు, ఏం జరుగుతోందో తెలియాలంటే కడపకు పోవాల్సిందే. నేను ఆరుసార్లు తిరిగాను. నాన్న ప్రతి సాయంత్రం "భాయ్ ఏమన్నా చెప్పినాడా" అని అడుగుతుంటే జవాబు చెప్పలేక టెన్షన్ పడ్డాను. గేర్‌బాక్స్ లోపల గదిలో భద్రంగా ఉంది గానీ కారు మాత్రం అన్ని రోజులూ బయట టార్పాలిన్ కింద ఎండలో ఉంది, డ్యాష్‌బోర్డులో ఒక చీలిక పెరిగింది. కారు పెట్టే చోటు నీడ చూసుకుని అడగండి, ముందే అడగండి. బిల్లు కూడా ఇవ్వడు, నేను పట్టుబడితే నోటుపుస్తకం కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఇంటికొచ్చిన రోజు స్పీడోమీటర్ పనిచేయలేదు, గేర్‌బాక్స్ వెనక దాని కేబుల్ సరిగ్గా బిగియలేదు. చెబితే రెండో రోజు పొద్దున్నే బైకు మీద రాయచోటి వచ్చి పది నిమిషాల్లో సరిచేసి, పెట్రోల్ డబ్బులు కూడా తీసుకోకుండా వెళ్ళాడు.

మొత్తం ఖర్చు 98,600. కిట్టు, బి2 పిస్టన్ కలిపి 41,000, మాడ్యులేటర్ ఇందాక చెప్పాను, మౌంటింగ్, కప్లింగ్ 9,000, కడగడానికి పోయిందానితో కలిపి ఆయిల్ పన్నెండు లీటర్లు 6,600, లేత్ పని 3,500, ఆయన కూలి 32,000. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి పదకొండు వారాలకు 32,000 అంటే తక్కువని నాకే అనిపించి ఇంకో మూడు వేలు ఇవ్వబోతే తీసుకోలేదు, "నాయనను ఘాట్ ఎక్కించి తీసుకురా, అది చాలు" అన్నాడు.

ఎక్కించాం. మొన్న ఆదివారం నాన్నే స్టీరింగ్ పట్టుకున్నాడు. ఘాట్‌లో లారీ వెనక ఇరుక్కుని నెమ్మదిగా పోతున్నప్పుడు లివర్ ఒక మెట్టు దించి మూడో గేరులో పట్టుకున్నాడు, నాలుగుకు పోయి మళ్ళీ మూడుకు రావడం లేకుండా, ఆయిల్ అనవసరంగా వేడెక్కకుండా. కువైట్‌లో కొండలు లేవు, ఈ అలవాటు ఆయనకు ఈ ఘాట్ నేర్పిందే. మలుపు దాటి దారి ఖాళీ అయ్యాక ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే గేరు కిందికి దిగి బండి లాగిన లాగుడుకు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. గువ్వలచెరువులో ఆగి కోవా కొన్నాం, ఇంజన్ ఆఫ్ చేయకుండా పార్క్‌లో పెట్టి పుల్ల తీసి చూశాను. ఆయిల్ గీత దగ్గరే ఉంది, ఎర్రగా, మాడు వాసన లేకుండా. వెనక పొగ లేదు.

మీరు ఎవరైనా ఆయన దగ్గరికి వెళ్తే, శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు మూసి ఉంటుంది, సోమవారం పొద్దున పోవడం మంచిది. గేర్‌బాక్స్ నంబరు శుభ్రంగా తుడిచి ఫోటో తీసుకుని వెళ్ళండి. కారు నడవకపోతే లారీ మీదే ఎక్కించండి, తాడు కట్టి లాగొద్దు, ఇంజన్ ఆగి ఉంటే లోపల పంపు తిరగదు, ఆయిల్ అందక గేర్‌బాక్స్ ఎండిపోతుంది. లాగక తప్పదంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పించండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగినాక ఒకసారి మాది పాన్ విప్పి ఫిల్టరు చూపించమన్నాడు, ఇప్పటికి 640 అయింది, మిగిలిన కిలోమీటర్లు అవగానే వెళ్తాం, పాన్‌లో ఏం కనిపించిందో కూడా రాస్తాను.